మల మార్పిడా, మందులా? అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్లు తూచుకోవాల్సినవి

అల్సరేటివ్ కొలైటిస్ అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బు. మల మార్పిడి అంటే ఆరోగ్యవంతుడి మలాన్ని రోగి పేగులోకి పంపే చికిత్స. ఈ జబ్బు ఉన్నవాళ్ల దగ్గర ఆ మాట ఎత్తితే ఛీ అంటారని బయటివాళ్లు అనుకుంటారు. డాక్టర్లు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు. కానీ రోజుకి పదిసార్లు బాత్‌రూమ్‌కి పరుగెత్తి, ప్రతిసారీ నెత్తురు ఎంత పడిందో చూసుకుని, శాంపిల్ డబ్బాలో పట్టి ల్యాబ్‌లో ఇచ్చి వచ్చే మనిషికి మలం అంటే కొత్తగా పుట్టే రోత ఏముంటుంది? 2012లో షికాగో యూనివర్సిటీ డాక్టర్లు కొందరు రోగుల్నీ, ఈ జబ్బున్న పిల్లల తల్లిదండ్రుల్నీ కూర్చోబెట్టి మాట్లాడించినప్పుడు బయటపడింది ఇదే. రోత సంగతి వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. ఇది ప్రోబయోటిక్ లాంటిదే కదా, సహజమైనదే కదా అన్నారు. త్వరగా అందుబాటులోకి రావాలని కోరుకున్నారు.

మరుసటి ఏడాది వచ్చిన సర్వేలో 95 మందిని అడిగితే 46 శాతం చేయించుకోవడానికి సిద్ధమన్నారు. 43 శాతం ఎటూ తేల్చుకోలేదు. వాళ్లు చెప్పిన భయాల్లో అన్నిటికంటే ముందున్నది దాత మలాన్ని ఇన్‌ఫెక్షన్ల కోసం సరిగ్గా పరీక్షిస్తారా లేదా అన్నది. జబ్బు ముదురుతుందేమో అన్న భయం కూడా కొందరికి ఉంది. రెండూ న్యాయమైన భయాలే.

సి. డిఫిసిల్ అనే పేగు ఇన్‌ఫెక్షన్ విషయంలో 2012లోనే ఇంకో సర్వే జరిగింది. క్లినిక్‌లకి వచ్చినవాళ్లకు ఒక ఊహాజనిత పరిస్థితి ఇచ్చి, చికిత్స పేరు చెప్పకుండా ఫలితాలు మాత్రమే చూపిస్తే 85 శాతం మంది మల మార్పిడినే ఎంచుకున్నారు. ఇది ఇంకొకరి మలం అని చెప్పాక 81 శాతానికి దిగింది. అంతే తేడా. డాక్టరు సిఫారసు చేస్తే ఒప్పుకుంటామన్నవాళ్లు 94 శాతానికి ఎక్కారు. అంటే రోత వల్ల వెనక్కి తగ్గినవాళ్ల కంటే డాక్టరు మాట మీద ముందుకొచ్చినవాళ్లే ఎక్కువ. డాక్టర్లు ఈ అంకెని గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

నా ఉద్దేశంలో ఈ నిర్ణయంలో మనుషుల్ని పక్కదారి పట్టించేది రోత కాదు, 'సహజం' అన్న ఆ ఒక్క మాట. స్టెరాయిడ్లతో ముఖం ఉబ్బి, నిద్ర పట్టక, ఎముకలు బలహీనపడి, తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు మొదలుపెట్టాలంటే టెన్షన్ పడుతున్న మనిషికి 'ఇందులో కెమికల్ ఏమీ లేదు' అన్న మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో అర్థం చేసుకోగలను. నాలుగో శతాబ్దంలోనే చైనా వైద్యుడు గె హాంగ్ తీవ్రమైన విరేచనాలకు మలంతో చేసిన ద్రవం ఇచ్చేవాడన్న కథ కూడా దీనికి తోడవుతుంది. పాతది, సహజమైనది అన్నంత మాత్రాన ఈ జబ్బుకి సరిపోతుందని లేదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని ఒక మందుగానే చూస్తుంది. మీరూ అలాగే చూడండి: డోసు ఎంత, ఎన్నాళ్లు, ఎంతమందికి పనిచేసింది, ఎవరికి హాని చేసింది. కిందున్న పోలికంతా ఈ లెక్కలోనే.

ముందు రెండు జబ్బుల్ని విడదీసుకోండి

మల మార్పిడి గురించి మీరు విన్న అద్భుతమైన కథల్లో ఎక్కువ భాగం సి. డిఫిసిల్‌వి. యాంటీబయోటిక్స్ వాడాక పేగులో మంచి బ్యాక్టీరియా తుడిచిపెట్టుకుపోతే ఈ క్రిమి విజృంభిస్తుంది. కొందరికి మందు ఆపగానే మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది. అక్కడ ఆరోగ్యవంతుడి మలంలోని సూక్ష్మజీవుల్ని తిరిగి నింపితే సమస్య మూలమే పోతుంది. 2013లో నెదర్లాండ్స్‌లో జరిగిన ట్రయల్‌లో 16 మందిలో 13 మందికి ఒక్క డోసుతోనే నయమైంది. తేడా ఎంత స్పష్టంగా కనిపించిందంటే ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు. 2022 నవంబర్‌లో రెబయోటా, 2023 ఏప్రిల్‌లో వౌస్ట్ అనే ఉత్పత్తులకు ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది కూడా ఈ ఇన్‌ఫెక్షన్ తిరగబెట్టకుండా ఉండడానికే. అల్సరేటివ్ కొలైటిస్‌కి కాదు.

కొలైటిస్ అంత సూటిగా ఉండదు. జన్యువులు, రోగనిరోధక వ్యవస్థ, పేగు లోపలి పొర, అందులోని బ్యాక్టీరియా అన్నీ కలిసి చేసే గొడవ అది. బ్యాక్టీరియాని మార్చినా మిగతావి అక్కడే ఉంటాయి. అందుకే ఒక డోసుతో జీవితాంతం నయం అన్న ఆశతో వచ్చేవాళ్లు ఎక్కువగా నిరాశపడతారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. కొలైటిస్ ఉన్నవాళ్లకు సి. డిఫిసిల్ కూడా పట్టే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువ. లక్షణాలు దాదాపు ఒకటే కాబట్టి జబ్బు తిరగబెట్టిందనే అనుకుంటాం. అందుకే విరేచనాలు ఉన్నట్టుండి పెరిగితే ముందు మల పరీక్ష చేయించాలి. అది మళ్లీ మళ్లీ వస్తున్న సి. డిఫిసిల్ అని తేలితే మల మార్పిడి ప్రశ్నకి జవాబు పూర్తిగా మారిపోతుంది. అప్పుడది వైద్య మార్గదర్శకాలు ఒప్పుకున్న చికిత్స. కొలైటిస్ మందులు వాడుతూనే దాన్ని చేయించుకోవచ్చు. ఈ ఒక్క పరీక్ష చేయించకుండా మిగతా పోలికలోకి దిగడం దండగ.

ట్రయల్స్ ఏం చెప్పాయి

1989లో జస్టిన్ బెన్నెట్ అనే డాక్టరు తన సొంత కొలైటిస్‌కి దాత మలంతో ఎనిమాలు (మలద్వారం గుండా పేగులోకి ద్రవం ఎక్కించడం) చేసుకుని, లక్షణాలు తగ్గాయని లాన్సెట్ పత్రికకు రాశాడు. ఆ తర్వాత పాతికేళ్లకు గానీ సరైన పోలిక ట్రయల్స్ రాలేదు.

2015లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ 75 మందికి వారానికోసారి చొప్పున ఆరు వారాలు ఎనిమా ఇచ్చింది. మలం అందినవాళ్లలో 24 శాతానికి, ఉత్త నీళ్లు అందినవాళ్లలో 5 శాతానికి రెమిషన్ (జబ్బు సద్దుమణిగిన స్థితి) వచ్చింది. అదే ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లో ముక్కు నుంచి ట్యూబ్ వేసి రెండుసార్లు ఇచ్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అక్కడ పోలికకు వాడింది రోగి సొంత మలమే. 2017లో ఆస్ట్రేలియాలో 81 మంది మీద ఫలితాలు వచ్చాయి. ముందు కొలనోస్కోపీలో (మలద్వారం నుంచి కెమెరా ట్యూబ్ పంపి) ఒకసారి, తర్వాత ఎనిమాలు వారానికి ఐదు రోజులు, ఎనిమిది వారాల పాటు. రెమిషన్ మలం అందినవాళ్లలో 27 శాతానికి, ప్లాసిబో (మలం లేని ఉత్తుత్తి డోసు) అందినవాళ్లలో 8 శాతానికి. ఇందులో ప్లాసిబో తయారీ చూడాలి: సెలైన్‌లో గోధుమరంగు, వాసన కలిపారు, ఎవరికి ఏది అందిందో తెలియకుండా. అలాంటి ప్లాసిబోతో కూడా కొందరు మెరుగుపడ్డారు. అందుకే 'మా చుట్టానికి చేస్తే తగ్గింది' అన్న కథని నేను ఆసక్తిగా వింటాను గానీ దాని మీద నిర్ణయం తీసుకోను.

2019లో ఆస్ట్రేలియాలోనే ఆడిలైడ్ బృందం మలాన్ని గాలి తగలకుండా తయారుచేసింది, ఆక్సిజన్ తగిలితే చచ్చిపోయే బ్యాక్టీరియా బతకాలని. 73 మంది. మొత్తం ఒక్క వారంలో మూడు డోసులే. ఎనిమిది వారాలకు స్టెరాయిడ్ లేకుండా రెమిషన్ 32 శాతానికి, పోలిక గుంపులో 9 శాతానికి. అక్కడ రెమిషన్ వచ్చిన 12 మందిలో ఏడాది తర్వాత కూడా అలాగే ఉన్నవాళ్లు ఐదుగురు.

2022లో వచ్చిన క్యాప్సూల్ ట్రయల్ చిన్నది, 35 మంది. రెండు వారాలు యాంటీబయోటిక్స్, ఆ తర్వాత ఎనిమిది వారాలు ఎండబెట్టిన మలంతో చేసిన క్యాప్సూల్స్. రెమిషన్ మలం క్యాప్సూల్స్ అందినవాళ్లలో 53 శాతానికి, ప్లాసిబో అందినవాళ్లలో 15 శాతానికి. దీని రెండో భాగం నాకు మరీ ముఖ్యంగా తోస్తుంది. మెరుగుపడినవాళ్లలో పదిమందిని తీసుకుని నలుగురికి క్యాప్సూల్స్ కొనసాగించారు, ఆరుగురికి ఆపేశారు. 56 వారాలకు కొనసాగించిన నలుగురూ రెమిషన్‌లో ఉన్నారు. ఆపిన ఆరుగురిలో ఒక్కరూ లేరు. పదిమందితో పెద్ద తీర్మానాలు చేయకూడదు నిజమే. కానీ మల మార్పిడి అంటే మందుల గొడవ వదిలిపోవడం అనుకునేవాళ్లు ఈ ఒక్క ఫలితం చదివి ఆగాలి. పనిచేస్తే, మందుల్లాగే ఇదీ కొనసాగించాల్సినదే కావచ్చు.

ఢిల్లీ ఎయిమ్స్ బృందం 2022లో 66 మంది మీద ఇంకో దారి ప్రయత్నించింది. వారానికొకటి చొప్పున మల మార్పిడి, దాంతోపాటు మంటని తగ్గించే ఆహార నియమం. పోలిక మామూలు మందులతో. ఎనిమిది వారాల్లో రెమిషన్ 60 శాతానికి, 32 శాతానికి. ఎవరికి ఏ చికిత్స జరుగుతోందో అందరికీ తెలుసు, పైగా ఫలితంలో మలం వాటా ఎంత, ఆహారం వాటా ఎంత అన్నది విడదీయలేం. అయినా ఆసక్తికరమైన దారి.

మందులతో పక్కపక్కన పెడితే

ఇక్కడ చాలామంది ఆశ్చర్యపోతారు. రోగనిరోధక శక్తిని తగ్గించే ఉపాడాసిటినిబ్ అనే మాత్ర మీద జరిగిన రెండు పెద్ద ట్రయల్స్‌లో ఎనిమిది వారాలకు రెమిషన్ 26 శాతానికి, 34 శాతానికి వచ్చింది. ప్లాసిబోతో 5, 4 శాతం. పైకి చూస్తే మల మార్పిడి అంకెలకీ వీటికీ పెద్ద తేడా లేదు. 'మరి అంత రిస్క్ ఉన్న మాత్రలెందుకు?' అని అడగబుద్ధవుతుంది.

రెండు గుంపుల్లోని మనుషులు ఒకటి కారు. మల మార్పిడి ట్రయల్స్‌లో చేరినవాళ్లలో ఎక్కువమందికి జబ్బు స్వల్పం నుంచి మధ్యస్థం. మాత్ర ట్రయల్స్‌లో చేరినవాళ్లకు మధ్యస్థం నుంచి తీవ్రం, చాలామందికి బయలాజిక్స్ (రోగనిరోధక వ్యవస్థ మీద పనిచేసే ఇంజెక్షన్ మందులు) కూడా అప్పటికే విఫలమయ్యాయి. మాత్ర మీద ఒక్కో ట్రయల్‌లో నాలుగైదు వందల మంది ఉన్నారు. మల మార్పిడి ట్రయల్స్‌లో వంద కూడా దాటలేదు. అన్నిటికంటే మించి, మొదట మెరుగుపడినవాళ్లు మాత్ర కొనసాగిస్తే ఏడాదికి ఏమవుతుందో లెక్క ఉంది: డోసుని బట్టి 42 నుంచి 52 శాతం రెమిషన్‌లో ఉన్నారు, ప్లాసిబోకి మారినవాళ్లలో 12 శాతం. వెడొలిజుమాబ్ ఇంజెక్షన్ మీద కూడా ఇలాంటి ఏడాది లెక్క 2013 నుంచే ఉంది. ఎప్పుడు ఏ రక్త పరీక్ష చేయించాలి, ఏ లక్షణం వస్తే ఆపాలి అన్నవి కూడా మందులకి రాసి ఉన్నాయి. మల మార్పిడికి ఇంకా అంత స్పష్టత రాలేదు.

ఈ కారణాలతోనే 2024లో అమెరికన్ గ్యాస్ట్రోఎంటరలాజికల్ అసోసియేషన్ అల్సరేటివ్ కొలైటిస్‌కి మల మార్పిడి ట్రయల్స్‌లో తప్ప బయట చేయవద్దని సూచించింది. ఇది పనికిరాదు అని చెప్పినట్టు కాదు. రోజువారీ చికిత్సగా చేతికివ్వడానికి సరిపడా ఆధారం ఇంకా లేదని చెప్పడం. రెండిటికీ తేడా ఉంది. ట్రయల్‌లో చేరే తలుపు తెరిచే ఉంది.

పేగు మంటని తగ్గించే మెసలమైన్ మాత్రలతో, మలద్వారం నుంచి వాడే మెసలమైన్‌తో జబ్బు అదుపులో ఉన్నవాళ్లకు నా సలహా సూటిగా చెప్తాను: దాన్ని వదిలి దీనికోసం పరుగెత్తకండి. మందు పనిచేయట్లేదనుకునే చాలామంది దాన్ని రోజూ వేసుకోనివాళ్లే. జబ్బు తగ్గినట్టు అనిపించగానే ఆపేస్తాం, తిరగబెట్టగానే మందుని తిడతాం.

ఆపరేషన్ సంగతి క్లుప్తంగా. పెద్దపేగు తీసేసి చిన్నపేగు చివరి భాగంతో సంచి కడతారు. కొలైటిస్ ఉండే చోటే ఉండదు కాబట్టి ఆ జబ్బు పోతుంది. కానీ రోజుకి ఐదారుసార్లు వెళ్లాల్సి రావడం, సంచికి మంట రావడం మామూలే. మందులన్నీ అయిపోయి, క్యాన్సర్‌కి ముందు మార్పులు కనిపించి, లేదా జబ్బు ప్రాణం మీదకి వచ్చి ఆపరేషన్ అన్నారంటే, దాన్ని తప్పించుకోవడానికి మల మార్పిడి పేరుతో వాయిదా వేయడం ప్రమాదం. ముఖ్యంగా రోజుకి ఆరుసార్లు, అంతకు మించి రక్త విరేచనాలు, వాటితోపాటు జ్వరమో గుండెదడో ఉంటే అది ఆసుపత్రిలో చేరాల్సిన పరిస్థితి. అప్పుడు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, వాటికి లొంగకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లేదా సైక్లోస్పోరిన్, అదీ కుదరకపోతే ఆపరేషన్. అంత మంటలో ఉన్న పేగులోకి పూర్తి కొలనోస్కోపీ పంపితే చిల్లు పడే రిస్క్ కూడా ఉంది.

ఏ దారిలో ఇస్తారన్నది చిన్న విషయం కాదు

రోగుల్ని అడిగితే చాలామందికి నచ్చనిది ముక్కు ట్యూబ్. నచ్చేది క్యాప్సూల్. సి. డిఫిసిల్ సర్వేలో కూడా వాసన లేని మాత్ర అనగానే ఒప్పుకునేవాళ్లు 90 శాతానికి పెరిగారు. ముక్కు ట్యూబ్ మీద అయిష్టానికి వైద్యపరంగా కూడా కారణం ఉంది. పైనుంచి ఇచ్చినప్పుడు ద్రవం వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయిన కేసులు ఉన్నాయి, ప్రాణాలు కూడా పోయాయి. కొలైటిస్‌కి పైనుంచి ట్యూబ్ వేస్తామంటే ఎందుకని గట్టిగా అడగండి.

కొలనోస్కోపీతో ఇస్తే పెద్దపేగు మొత్తానికి ఒకేసారి అందుతుంది. పేగు పరిస్థితి కూడా కళ్లతో చూడొచ్చు. కానీ ముందురోజు పేగు కడిగే మందు తాగాలి, మత్తు ఇస్తారు, మళ్లీ మళ్లీ చేయలేం.

ఎనిమా ఇంట్లో కూడా చేసుకోవచ్చు, అందుకే ఎక్కువ డోసుల ట్రయల్స్ దాన్నే ఎంచుకున్నాయి. కాగితం మీద సులువుగా కనిపిస్తుంది. చేసి చూస్తే వేరు. ఎడమవైపు తిరిగి, కుడి మోకాలు కడుపు దగ్గరికి ముడుచుకుని పడుకోవాలి. ద్రవం నెమ్మదిగా లోపలికి పోనివ్వాలి. తర్వాత కదలకుండా వీలైనంతసేపు పట్టి ఉంచాలి. పురీషనాళం వాచి ఉన్న మనిషికి గ్యాస్ వచ్చినా ఆపుకోవడం కష్టం, ఇక ద్రవాన్ని అరగంట ఆపుకోవడం అంటే చెమటలు పడతాయి. కొందరికి లోపలికి వెళ్లింది వెళ్లినట్టే బయటికి వస్తుంది. అలాంటప్పుడు మలాన్ని తిట్టుకోవడం తప్పు, డోసు అందలేదన్నమాట. మెసలమైన్ ఎనిమా మీరు ఇప్పటికే వాడి ఉంటే, దాన్ని రాత్రంతా ఉంచగలిగారా అన్నది గుర్తుతెచ్చుకోండి. ఉంచలేకపోతే వారానికి ఐదు రోజుల మల ఎనిమాకి సంతకం పెట్టేముందు ఆ మాట డాక్టరుకి చెప్పండి. ముందు మంట కాస్త తగ్గించాక మొదలుపెట్టొచ్చేమో వాళ్లు చూస్తారు.

క్యాప్సూల్స్ రుచీ వాసనా తెలియవు. కానీ ఒకటి రెండు వేసుకుంటే సరిపోదు, రోజూ గుప్పెడు మింగాలి, అదీ వారాల తరబడి. ముందు యాంటీబయోటిక్స్ కూడా ఉంటాయి. మాత్రలు మింగడమే కష్టమైనవాళ్లకు ఇదీ చిన్న పని కాదు. అయినా దారులన్నిటిలో నన్ను ఎంచుకోమంటే, ట్రయల్ మంచిదైతే, క్యాప్సూల్ వైపే మొగ్గుతాను. కొనసాగించాల్సిన చికిత్సకి కొనసాగించగలిగే దారి కావాలి.

దాత: ఇంటివాళ్లా, బయటివాళ్లా?

ఇక్కడ మనసు ఒకవైపు లాగుతుంది, బుద్ధి ఇంకోవైపు. ముక్కూమొహం తెలియని మనిషి మలం కంటే అన్నదో అక్కదో అయితే నయం అనిపించడం సహజం. భార్యో భర్తో స్వయంగా ముందుకొస్తారు కూడా. కానీ బంధుత్వం క్రిముల్ని వడకట్టదు. ఒకే ఇంట్లో ఉండేవాళ్లు ఒకే పరాన్నజీవుల్ని, ఒకే బ్యాక్టీరియాని పంచుకుంటూ ఉండొచ్చు. రక్తసంబంధీకులైతే జబ్బుకి దారితీసే జన్యువులు కూడా వాళ్లలో ఉండొచ్చు. ఇంకో ఇబ్బంది ఎవరూ పైకి చెప్పరు: దాతకి హెచ్‌ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు, లైంగిక జీవితం గురించి, వాడిన మందుల గురించి ప్రశ్నలు అడుగుతారు. ఇంట్లో మనిషి అయితే ఆ జవాబులు నిజాయితీగా చెప్తారా? పరీక్షలో ఏదైనా బయటపడితే ఆ ఇంట్లో ఏమవుతుంది?

దాతల మలాన్ని సేకరించి ఇచ్చే స్టూల్ బ్యాంకులు దాతని పరీక్షించి, మలాన్ని గడ్డకట్టించి ఉంచి, కొన్నాళ్ల తర్వాత దాతని మళ్లీ పరీక్షించి గానీ వదలవు. దరఖాస్తు పెట్టినవాళ్లలో అన్ని పరీక్షలూ దాటేది చాలా కొద్దిమంది. అయినా పొరపాట్లు జరిగాయి. 2019 జూన్‌లో ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. ఒకే దాత మలం నుంచి ఇద్దరికి మందులకి లొంగని ఈ. కొలై సోకింది, ఒకరు చనిపోయారు. ఆ ఇద్దరికీ రోగనిరోధక శక్తి తక్కువగా ఉంది. ఆ దాత మలాన్ని ఆ రకం బ్యాక్టీరియా కోసం పరీక్షించనే లేదు. 2020 మార్చిలో, ఈసారి ఒక స్టూల్ బ్యాంకు మలంతో వచ్చిన ఇన్‌ఫెక్షన్ల గురించి ఇంకో హెచ్చరిక వచ్చింది. స్టెరాయిడ్లు, అజాథయోప్రిన్, బయలాజిక్స్ వాడుతున్న కొలైటిస్ రోగి కూడా రోగనిరోధక శక్తి తగ్గిన మనిషే. కాబట్టి ఇది ఎవరి కథో అనుకుని పక్కన పెట్టడానికి లేదు.

మంచి దాత అంటే ఎవరన్నది కూడా ఇంకా చిక్కుముడే. మెక్‌మాస్టర్ ట్రయల్‌లో రెమిషన్ వచ్చిన తొమ్మిది మందిలో ఏడుగురికి ఒకే దాత మలం అందింది. ఆరోగ్య పరీక్షలన్నీ నెగ్గిన మిగతా దాతలది అంతగా పనిచేయలేదు. ఎందుకో ముందే చెప్పగల పరీక్ష ఇప్పటికి లేదు. ఆస్ట్రేలియా బృందాలు చాలామంది దాతల మలం కలిపి వాడడం వెనకున్న ఆలోచన ఇదే, ఎవరో ఒకరిది కలిసొస్తుందని. అలా కలిపితే ఇన్‌ఫెక్షన్ వచ్చే దారులు కూడా పెరుగుతాయన్నది దానికి మరో పక్క. 2015లో ఇంకో కేసు అందరి నోళ్లలో నానింది. సి. డిఫిసిల్‌కి కూతురి మలం తీసుకున్న ఒకామె ఆ తర్వాత బాగా బరువు పెరిగింది. కూతురిదీ అధిక బరువే. ఒక్క కేసుతో కారణం ఇదేనని చెప్పలేం. కానీ ఇంట్లో ఎవరున్నారు అని చూసుకుని దాతని ఎంచుకునే పద్ధతికి ఇది గట్టి జవాబే.

ట్రయల్, ప్రైవేటు క్లినిక్, ఇల్లు

ట్రయల్‌లో చేరితే ప్లాసిబో వచ్చే అవకాశం ఉంది. రోగులకి అన్నిటికంటే చిరాకు పుట్టించేది ఇదే. ఇంత కష్టపడి చివరికి రంగునీళ్లా అని. అయినా దాత పరీక్షలు, మీ మీద నిఘా, ఏదైనా తేడా వస్తే పట్టుకునే మనిషి అక్కడే ఉంటారు.

డబ్బు తీసుకుని చేసే క్లినిక్‌లో ప్లాసిబో ఉండదు. కానీ మీకు పనిచేసిందో లేదో ఎవరూ లెక్క రాయరు. గట్టిగా చూడాల్సింది వాళ్లు ఇచ్చే హామీ. 80, 90 శాతం నయం అన్నారంటే అది సి. డిఫిసిల్ అంకె. ఆ అంకెని కొలైటిస్ రోగికి చూపించే చోటు నుంచి లేచి వచ్చేయండి. వాడుతున్న మందులన్నీ ఆపేయమనే చోటు నుంచి ఇంకా త్వరగా. చాలా ట్రయల్స్‌లో పాత మందులు కొన్ని కొనసాగాయి.

ఇంట్లో సొంతంగా మిక్సీలో చేసుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లని వెక్కిరించను. డాక్టర్లు వినిపించుకోక, ట్రయల్స్ దొరక్క విసిగిపోయి అక్కడిదాకా వచ్చినవాళ్లే ఎక్కువ. కానీ 2019 హెచ్చరికలో చెప్పిన ఆ చనిపోయిన రోగికి మలం అందింది పరీక్షలు చేసే ఒక ట్రయల్‌లోనే. ఏ పరీక్షా లేని వంటగదిలో ఆ రిస్క్ ఎంతో ఊహించుకోండి. మంటలో ఉన్న పేగు పొర నుంచి బ్యాక్టీరియా రక్తంలోకి పోవడం తేలిక. ఈ మూడిట్లో నేను ఏ పరిస్థితిలోనూ వద్దనేది ఇదొక్కటే. ఎవరైనా ఇప్పటికే చేసుకుని ఉంటే జ్వరం, వణుకు, కడుపులో పెరుగుతున్న నొప్పి కనిపించగానే ఆసుపత్రికి వెళ్లి ఏం చేసుకున్నారో దాచకుండా చెప్పాలి. సిగ్గుపడి దాస్తే ఏ యాంటీబయోటిక్ వాడాలో డాక్టరుకి తెలియదు.

ఎవరు ముందుకెళ్లొచ్చు

జబ్బు స్వల్పంగానో మధ్యస్థంగానో ఉండి, మెసలమైన్‌తో పూర్తిగా అదుపులోకి రాక, బయలాజిక్స్‌కి వెళ్లడానికి కొంత వ్యవధి ఉన్నవాళ్లకు ట్రయల్ మంచి అవకాశం అనుకుంటాను. మెక్‌మాస్టర్ ట్రయల్‌లో జబ్బు మొదలై ఏడాదిలోపే అయినవాళ్లకు ఎక్కువ ఫలితం కనిపించింది, కాకపోతే అలాంటివాళ్లు నలుగురే. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లు, గర్భిణులు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు చాలా ట్రయల్స్‌కి పనికిరారు. దాన్ని అవమానంగా తీసుకోవద్దు.

ఒప్పందపత్రం మీద సంతకం పెట్టేముందు అడగాల్సినవి కొన్నున్నాయి. దాతని మందులకి లొంగని బ్యాక్టీరియా కోసం పరీక్షించారా, ఎన్నాళ్లకోసారి మళ్లీ పరీక్షిస్తారు? నాకు ఇచ్చిన డోసు ఏ దాతదో రికార్డు ఉంటుందా? నా మందుల్లో ఏవి కొనసాగుతాయి, స్టెరాయిడ్ ఎలా తగ్గిస్తారు? మధ్యలో జబ్బు ముదిరితే ఏ చికిత్సకి, ఎంత త్వరగా మారుస్తారు? ఫలితాన్ని నా మాట మీద తేలుస్తారా, లోపలికి చూసి తేలుస్తారా? ఎనిమిది వారాల తర్వాత నేను బాగుంటే డోసు కొనసాగుతుందా, అక్కడితో ఆగిపోతుందా? ప్లాసిబో గుంపులో పడితే చివర్లో అసలుది ఇస్తారా? 2017 నాటి ఆస్ట్రేలియా ట్రయల్‌లో ప్లాసిబో అందినవాళ్లకు తర్వాత అసలు చికిత్స తీసుకునే వీలు కల్పించారు. అన్నిచోట్లా అలా ఉండదు, కాబట్టి ఆ జవాబు నోటిమాటగా వదిలేయకుండా పత్రంలో ఎక్కడ రాసి ఉందో చూపించమనండి.